చుక్క పెట్టని సిలిండరు

మా షెడ్డు కిటికీ గూట్లో ఒక పసుపు రంగు డబ్బా ఉండేది. స్నాతకోత్సవానికి ముందు క్యాంపస్ రోడ్ల పక్కన రాళ్లకు రంగులేసేవాళ్లు మిగిలింది మాకిచ్చి వెళ్లేవారు. డబ్బా మూత మీద ఒక పాత టూత్‌బ్రష్ పెట్టి ఉండేది. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే పనులు రెండో మూడో ఉంటే వాటిలో ఆ డబ్బా ఒకటి. నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు కూడా ఆ డబ్బాతోనే ముడిపడి ఉంది. గొప్పలు చెప్పుకోవడానికి చాలామంది ఉన్నారు కాబట్టి నేను తప్పు గురించే రాస్తాను.

బండ్ల పని నేర్చుకుంటున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందొక మాట చెప్పాలి. ఇప్పుడు బండి మొరాయిస్తే మీరు కంప్యూటర్ తగిలిస్తారు. ఫలానాది పోయిందని అది చెబుతుంది. మీరు ఫోన్ చేస్తారు, సాయంత్రానికి కొత్త సామాను వస్తుంది. మీ పని తేలికని నేననను. మేం మాత్రం పోయింది ఏదో తెలిశాక కూడా దాని బదులు వేయడానికి ఏమీ లేని చోట పనిచేశాం. మా తెలివంతా అక్కడే ఖర్చయింది, మా తెలివితక్కువతనం కూడా.

తార్నాక దగ్గరి మా యూనివర్సిటీ రవాణా విభాగంలో నేను ముప్పై నాలుగేళ్లు పనిచేసి, రెండేళ్ల కింద రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు హెడ్ మెకానిక్‌ని. హెడ్ అనగానే కింద పదిమంది ఉంటారనుకోకండి. ఒకప్పుడు పదకొండు మంది ఉన్న షెడ్డులో చివరికి మిగిలింది ఇద్దరం. నేనొకణ్ని, నాతో పాటు ఒక తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. వరంగల్ వైపు పల్లె నుంచి వచ్చాడు. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద చేరి పదకొండేళ్లు దాటింది. ఈసారి జాబితాలో పర్మనెంట్ చేస్తామని ప్రతిసారీ అనేవారు. నల్లకుంట మార్కెట్ వెనక ఒక గదిలో భార్య, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు. నన్ను అన్నా అనేవాడు. పని విషయంలో నా మాటను వేదంలా పట్టుకునేవాడు. అది నాకు నచ్చేది కూడా, దాచుకోవడమెందుకు.

మా యూనివర్సిటీకి ఒకే నెలలో రెండు ఒకేరకం వ్యాన్లు వచ్చాయి. కొన్నేళ్లకు ఆ కంపెనీ ఆ రకం బండ్లు చేయడమే మానేసింది. రెండింటిలో ఒకదాని ఇంజిను పట్టేసింది. పనికిరాదని రాసి దాన్ని షెడ్డు వెనక నిలబెట్టారు. మేం దాన్ని పెద్దది అనేవాళ్లం, నడుస్తున్నదాన్ని చిన్నది అనేవాళ్లం. నిజానికి రెండింటికీ వయసులో పదిరోజుల తేడా కూడా లేదు.

చిన్నదానికి ఒకే పని. నడవలేని విద్యార్థులను పొద్దున హాస్టళ్ల నుంచి క్లాసులకు, లైబ్రరీకి తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ దింపాలి. అప్పట్లో ఆరుగురు ఉండేవారు. వాళ్లలో చక్రాల కుర్చీలో వచ్చే ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. హాస్టల్లోని పాత ఇనుప మంచం కోసి వ్యానుకు వాలుపలక చేసింది నేనే, దాని మీదుగా ఆమె కుర్చీ నేరుగా లోపలికి ఎక్కేది. ఎక్కిన ప్రతిసారీ నన్నేదో ఒకటి అనకపోతే ఆమెకు తోచేది కాదు. మీ వ్యాన్ కంటే నా కుర్చీ చక్రాలే మంచిగున్నయి అంకుల్, ఇవే తీసి దానికి పెట్టుకోండి అనేది. బండి ఒకరోజు ఆగితే ఆ ఆరుగురికి ఆ రోజు చదువు లేనట్టే. కొత్త బండి అడిగితే ఫైలు కదిలేది కాదు. పాతదాన్ని నడిపించాల్సింది మేమిద్దరమే.

సామాను కోసం నేను తిరగని పాత ఇనుము కబాడీ దుకాణం లేదు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక ముసలి దుకాణదారు నన్ను చూడగానే నవ్వేవాడు. ఒకసారి చాయ్ తెప్పించి, కూర్చోబెట్టి చెప్పాడు. "ఉస్తాద్, గా బండి సామాను ఇగ రాదు. గది ఎప్పుడో సచ్చింది. నువ్వే ఒప్పుకుంటలేవు." నేను ఒప్పుకోలేదు. షెడ్డు వెనక పెద్దది ఉంది కదా అనే ధైర్యం.

పనికిరాదని రాసిన బండి నుంచి సామాను తీయడం రూల్ ప్రకారం కుదరదు. వేలం వేసే దాకా అది పూర్తిగా ఉండాలి. ఏడాదికొకసారి ముగ్గురు మనుషులు కాగితాల అట్ట పట్టుకుని వచ్చేవారు. బానెట్ ఎత్తి, రేడియేటర్ ఉన్నదా, ఉన్నది, డైనమో ఉన్నదా, ఉన్నది అని టిక్కులు పెట్టుకుని వెళ్లేవారు. ఉన్నది పనిచేస్తుందా లేదా అన్నది వాళ్ల కాగితంలో లేదు. అందుకని మేం పెద్దదాంట్లోంచి మంచిది తీసి చిన్నదానికి వేసి, చిన్నదాంట్లోంచి తీసిన చచ్చినదాన్ని పెద్దదాని ఖాళీలో బిగించేవాళ్లం. పై అధికారులకు తెలియదా అంటే తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండేవారు, బండి నడుస్తోంది కాబట్టి.

అట్లా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదాంట్లో ఏది మంచిదో, ఏది మేం పెట్టిన చచ్చినదో గుర్తుండటం కష్టమైంది. అప్పుడు నేను పెట్టిన పద్ధతే పసుపు చుక్క. చచ్చినదాన్ని పెద్దదాంట్లో బిగించగానే దాని మీద చుక్క పెట్టాలి. చుక్క ఉంటే ముట్టుకోవద్దు, లేకపోతే మంచిది. దానికి తోడు ఇంకో నియమం కూడా పెట్టాను. చుక్క లేనిదాన్ని విప్పి చూడొద్దు. లోపలి రబ్బర్లు ఒకసారి కదిపితే మళ్లీ కూర్చోవు, కొత్తవి దొరకవు. తీసింది తీసినట్టే ఎక్కించాలి.

తమ్ముడు ఒకసారి సెల్ఫ్ మోటారుకు చుక్క పెట్టడం మరిచాడు. నాకు దొరికిపోయాడు. నేను డ్రైవర్లందరి ముందు అతన్ని నిలబెట్టి దులిపేశాను. "రేపు నేను లేనప్పుడు ఇది సచ్చిందో బతికిందో నీకు ఎవడు చెప్తడు?" అని అడిగాను. అతను తల వంచుకుని వెళ్లి బ్రష్ తెచ్చి చుక్క పెట్టాడు. చిన్న చుక్క చాలదని గోలీకాయంత పెట్టించాను. నోరు పెద్దదైతే ఏం లాభమో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు చిన్నదాని బ్రేక్ మాస్టర్ సిలిండర్ పోయింది. పెడల్ మీద కాలు పెడితే ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టేది అదే. దాని లోపల గీతలు పడ్డాయి. గీతలు పడ్డ సిలిండర్ చేసే మోసం చాలా పాడు మోసం. నాలుగుసార్లు టకటకా తొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. అదే కాలు తీయకుండా కొంతసేపు అదిమి పెడితే ఆయిల్ లోపల్లోపలే వెనక్కి జారి, పెడల్ మెల్లగా కిందికి పోతుంది. చదునుగా ఉన్న షెడ్డులో నిలబెట్టి చూసేవాడికి అది దొరకదు.

అది స్నాతకోత్సవం వారం. తమ్ముడు వాళ్ల చెల్లెలి పెళ్లికి ఊరెళ్లాడు. నేనొక్కణ్నే పెద్దదాంట్లోంచి మంచి సిలిండర్ తీసి చిన్నదానికి ఎక్కించాను. గీతలు పడ్డదాన్ని డీజిల్‌తో కడిగి తుడిచి పెద్దదాంట్లో బిగించాను. కడగడం దేనికంటే అలవాటు. చచ్చినదైనా మురికిగా పెట్టబుద్ధి కాదు నాకు. చుక్క పెట్టడానికి డబ్బా తీస్తే రంగు గడ్డకట్టి ఉంది. మూత సరిగ్గా పెట్టకుండా వదిలింది నేనే. అంతలో ముఖ్య అతిథికి పంపాల్సిన కారు స్టార్ట్ అవడం లేదని కబురొచ్చింది. రేపు రంగు తెచ్చి పెడతాలే అనుకుని పరుగెత్తాను. మర్నాడు నాకు గుర్తు రాలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర గుర్తు రాలేదు. ఆ వారంలోనే రంగులవాళ్లు కొత్త డబ్బా ఇచ్చి వెళ్లారు, దాన్ని గూట్లో పెట్టింది కూడా నేనే.

నా రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగు నెలలుందనగా మా ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది. నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను. సరిగ్గా అప్పుడే చిన్నదాని సిలిండర్ కారడం మొదలైంది. ఆసుపత్రిలో ఉన్న నన్ను కదపడం ఎందుకని తమ్ముడు ఫోన్ చేయలేదు. పెద్దదాని బానెట్ ఎత్తి చూశాడు. సిలిండర్ శుభ్రంగా ఉంది, చుక్క లేదు. నా నియమం ప్రకారం విప్పలేదు. తీసి ఎక్కించి, ఆయిల్ పోసి, గొట్టాల్లో చేరిన గాలి తీసి, తొక్కి చూశాడు. గట్టిగా ఉంది. నేను నేర్పింది నేర్పినట్టు చేశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

నేను మళ్లీ డ్యూటీలో చేరిన రోజే జరిగింది. పొద్దున తొమ్మిదిన్నర కావస్తోంది. హాస్టళ్ల నుంచి కిందికి దిగే వాలు రోడ్డు ఒకటి ఉంది. దాని చివర విద్యార్థులు గుంపుగా రోడ్డు దాటుతుంటే మా డ్రైవర్ బ్రేక్ తొక్కి బండిని వాలు మీద ఆపాడు. ఆయన నాకంటే ఏడాది చిన్న. చర్చిలో పాటలు పాడేవాడు. బండి తీసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయకుండా స్టీరింగ్ పట్టేవాడు కాదు. పిల్లలు దాటేదాకా ఆయన కాలు తీయలేదు. కాలి కింద పెడల్ మెల్లగా దిగిపోయింది. బండి జారింది. హ్యాండ్‌బ్రేక్ లాగితే పాత కేబుల్ సాగింది తప్ప పట్టలేదు. ఎదురుగా పిల్లలు. ఆయన హారన్ మోగిస్తూ స్టీరింగ్ ఎడమకు తిప్పి బండిని రాతిగోడకు గుద్దాడు.

నేను వెళ్లేసరికి డ్రైవర్‌ను రోడ్డు పక్కన పడుకోబెట్టారు. ఛాతీ పట్టుకుని ఉన్నాడు. పక్కటెముకలు రెండు విరిగాయని తర్వాత తెలిసింది. కుర్చీ అమ్మాయి సీటు పట్టీ తెగి ముందుకు పడుతూ చేయి అడ్డం పెట్టింది. కుడి మణికట్టు విరిగింది. కుర్చీ నెట్టుకునే వాళ్లకు చేతులే కాళ్లు. ఆమె ఏడవలేదు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నన్ను చూసి, "ఇయ్యాల జోక్ ఏమి రాదు అంకుల్," అంది. ఆ మాట విని నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

అంబులెన్స్ వెళ్లాక నేను చిన్నదాంట్లో ఎక్కి బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టాను. మొదట గట్టిగా ఉంది. కాలు తీయకుండా అట్లాగే ఉంచాను. మెల్లగా, నెమ్మదిగా కిందికి పోయింది. ఆ జారుడు నా కాలికి తెలుసు. ఏడాదిన్నర కింద ఇదే కాలితో చూశాను. గడ్డకట్టిన రంగు, అతిథి కారు, రేపు పెడతాలే అనుకోవడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి ఏమైందన్నా అని అడిగాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను చూద్దాం తమ్మీ అన్నాను. అప్పుడే చెప్పేయవచ్చు. వినేవాడు పక్కనే ఉన్నాడు.

మూడోరోజు విచారణ పెట్టారు. సిలిండర్‌ను గుద్దిన రోజే తమ్ముడి చేత తీయించి, బట్టలో చుట్టి షెడ్డులో బల్ల మీద పెట్టించారు. ఆ పొద్దున నేను అందరికంటే ముందు షెడ్డుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు. తలుపు తీసి, బట్ట విప్పి, గూట్లోంచి డబ్బా దించాను. మూత తీసి బ్రష్ ముంచాను. ఒక్క చుక్క. దాని మీద కొంచెం మసి పూస్తే ఏడాదిన్నర కింద పెట్టినట్టే ఉంటుంది. నా పద్ధతి పద్ధతిగా ఉంటుంది. ముప్పై నాలుగేళ్ల పేరు పేరుగా ఉంటుంది. చుక్క ఉన్నదాన్ని చూసుకోకుండా ఎక్కించినందుకు తమ్ముడి ఉద్యోగం పోతుంది.

బ్రష్ సిలిండర్‌కు జానెడు దూరంలో ఉంది. పెట్టలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్పలేను. బ్రష్‌ను డబ్బా మీద పడేసి, సిలిండర్‌ను మళ్లీ బట్టలో చుట్టి, బయటికొచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. ఆ పని చేయలేదని చాలా రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను. మంచివాణ్నే అనుకున్నాను.

విచారణ ఆఫీసు గదిలో జరిగింది. ముగ్గురు సార్లు కుర్చీల్లో, మేమిద్దరం నిలబడి. డ్రైవర్ ఆసుపత్రి నుంచే రాసిచ్చాడు. పెడల్ దానంతట అదే కిందికి పోయిందని, ప్రభువు దయ వల్ల పిల్లలు దక్కారని. ఆయన తప్పు లేదని వెంటనే తేలిపోయింది. ఆ తర్వాత సిలిండర్ ఎక్కడిదని అడిగారు. తమ్ముడు పెద్దదాంట్లోది అన్నాడు. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. అక్కడిది పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుసని అడిగితే అతను పసుపు చుక్క సంగతి చెప్పాడు. దీనికి చుక్క లేదా మరి అని పెద్ద సార్ అడిగాడు.

తమ్ముడు తల తిప్పి నా వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత వాళ్ల వైపు తిరిగి, "చుక్క ఉండెనేమో సార్, ఎక్కించేటప్పుడు చెరిగిందేమో. నేనే సరిగ చూడలే కావచ్చు," అన్నాడు.

పెద్ద సార్ నన్ను అడిగాడు, మీరేమైనా చెప్పేది ఉందా అని. ఆయన అడగడం మంచిగానే అడిగాడు. నా నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. చుక్క నేను పెట్టలేదు సార్. నాలుగే మాటలు. అవి అంటే ఏమవుతుందో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. నాలుగు నెలల్లో రిటైర్మెంట్, పింఛను కాగితాలు, మా ఆవిడ కంటికి కట్టు. ఇతను కుర్రవాడు కాకపోయినా ఇంకా వయసుంది, పని తెలిసినవాడు, ఎక్కడైనా బతుకుతాడు. అతను నిజంగానే చుక్క చెరిగిపోయిందని అనుకుంటున్నాడు, అనుకోనీ. ఇంత లెక్క నేను వేసుకునే లోపల సార్ తల ఊపి, సరే అని రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను అడ్డం పడలేదు. పొద్దున బ్రష్‌తో చేయలేని పని మధ్యాహ్నం నోరు మూసుకుని చేశాను.

రిపోర్టులో రెండు విషయాలు రాశారు. ఒకటి, బండి కాలం చెల్లింది. రెండు, ఏజెన్సీ మెకానిక్ నిర్లక్ష్యం. నా పేరు ఎక్కడా లేదు. తమ్ముణ్ని తీసేయడానికి ఉత్తరం కూడా అక్కర్లేకపోయింది. రేపటి నుంచి రావొద్దని ఏజెన్సీ వాళ్లు ఫోన్‌లో చెప్పారు, అంతే. పదకొండేళ్ల జాబితా ఆశ ఆ ఒక్క ఫోన్‌తో పోయింది. అతను తన పానాలు, సుత్తి సంచిలో సర్దుకుని వెళ్తూ నాకు దండం పెట్టాడు. పసుపు డబ్బా మూత గట్టిగా నొక్కి గూట్లో పెట్టి మరీ వెళ్లాడు.

పదిహేను రోజులు నిద్రపట్టక, పెద్ద సార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తలుపు వేసి విన్నాడు. ఫైలు పైకి వెళ్లిపోయింది, ఇప్పుడు తిరగదోడితే పెద్దదాంట్లోంచి తీసిన సామానంతా బయటికి వస్తుంది, అందరూ ఇరుక్కుంటారు, మీరు ప్రశాంతంగా రిటైరైపోండి అన్నాడు. నేను కొంచెం వాదించినట్టు నటించాను. నిజం చెప్పాలంటే ఆయన ఆ మాట అంటాడనే ఆశతోనే వెళ్లాను. తలుపు తీసుకుని బయటికి వచ్చేటప్పుడు గుండె తేలికైంది. అది ఇంకో సిగ్గు.

తర్వాత చిన్నది, పెద్దది, ఇంకా షెడ్డులో ఉన్న పాత బండ్లన్నీ ఒకేరోజు తుక్కు లారీల మీద వెళ్లిపోయాయి. పాత బండ్లు ప్రమాదకరం అని ఆ రిపోర్టును చూపించారు. పాత బండి ఏ పాపమూ చేయలేదు. దాని రోగం తెలిసీ, చెప్పాల్సిన చోట నేను గుర్తు పెట్టలేదు. ఇప్పుడు అద్దె బండ్లు వస్తున్నాయి, వాటికి వాలుపలక లేదు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఆ ఏడే చదువు మానేశారు. కుర్చీ అమ్మాయి చేతిలో ప్లేటు వేశారు. తార్నాకలో కింది అంతస్తు గది ఒకటి చూసుకుని, వారానికి రెండు రోజులు ఎవరో ఒక స్నేహితురాలి సాయంతో ఆటోలో వస్తోందని విన్నాను. మెట్రో స్టేషన్ దగ్గర ఒకసారి దూరం నుంచి చూశాను. ఎడమ చేత్తో కుర్చీ నెట్టుకోవడం నేర్చుకుంటోంది, కుర్చీ ఒకవైపుకే తిరుగుతోంది. నేను దగ్గరికి వెళ్లలేదు.

నాకొక పాత స్కూటర్ ఉంది. రిటైరయ్యాక బౌద్ధనగర్ ఇంటి కింద అదొక్కటే నా షెడ్డు. పోయినేడు దాని కార్బురేటర్ పోయింది. నేను తిరిగిన చోటల్లా ఒకే మాట చెప్పారు. గిది ఎవ్వరు ముట్టరు సార్, నల్లకుంటల ఒకాయన ఉన్నడు, పాత స్కూటర్లు గాయన ఒక్కడే విప్పుతడు అని. ఆ ఒకాయన ఎవరో చెప్పకుండానే నాకు తెలిసింది. ఏడాది పాటు స్కూటర్‌ను కదలకుండా నిలబెట్టాను. మోకాళ్ల నొప్పులు ఎక్కువై బస్సు ఎక్కలేని స్థితి వచ్చాక ఒక ఆటో ట్రాలీలో వేయించి తీసుకెళ్లాను.

చిన్న దుకాణం. అతనిది కాదు, అతనికంటే చిన్నవాడెవరిదో, ఇతను అందులో పనివాడు. తల నెరిసింది. నన్ను చూసి అన్నా అని లేచి స్టూలు తుడిచి వేశాడు. ఇంట్లో అక్క కళ్లు ఎట్లున్నాయని అడిగాడు. స్కూటర్ చూసి, దుకాణం వెనకకు వెళ్లి, అక్కడ పడి ఉన్న ఒక పాత స్కూటర్ గుల్లలోంచి కార్బురేటర్ విప్పుకొచ్చాడు. దాన్ని కడిగి నా బండికి ఎక్కించాడు. నా బండిలోంచి తీసిన చచ్చినదాన్ని గుల్లలో బిగించాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, అగ్గిపుల్ల ముంచి, దాని మీద చుక్క పెట్టాడు. పసుపు రంగు. గోలీకాయంత.

ఇక ఆగలేక చెప్పేశాను. ఆ సిలిండర్‌కు చుక్క చెరిగిపోలేదు తమ్మీ, అసలు నేను పెట్టలేదు, నేనే మరిచాను అన్నాను. రెండేళ్లకు పైగా లోపల పెట్టుకున్న మాట అది. వినగానే అతను అరుస్తాడనో, ఏడుస్తాడనో అనుకున్నాను.

అతను అగ్గిపుల్ల పారేసి సీసా మూత బిగించాడు. "తెల్సన్నా," అన్నాడు. "గుద్దిన దినమే పెట్రోల్ పోసి కడిగి చూసిన. రంగు పెట్టి ఉంటే ఇనుము గరుకుల ఎంతోకొంత నిలుస్తది. ఏం లేకుండె."

మరి విచారణలో చుక్క ఉండెనేమో అని ఎందుకన్నావని అడిగాను. అతను కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ, నా ముఖం చూడకుండానే జవాబిచ్చాడు.

"గా పొద్దుగాల నేను షెడ్డుకు పోయిన. డబ్బా మూత తీసి ఉండె. బ్రష్ తడిగుండె. సిలిండర్ చూస్తే చుక్క లేదు. పెట్టబోయి, పెట్టకుండ పోయినవని సమజైంది. గంత దాక పోయి ఆగినోడు నన్ను ముంచడు అనుకున్న. నీ తప్పు నా నోట్లకెల్లి ఎందుకు రావాలె, సార్ అడిగితే నువ్వే చెప్తవని, గట్లన్న."

అతను కిక్కు కొట్టి స్టార్ట్ చేశాడు. స్కూటర్ రెండో కిక్కుకే అందుకుంది. కాసేపు చప్పుడు విని, స్క్రూ ఇంకో పావు చుట్టు తిప్పి, ఇప్పుడు మంచిగున్నదన్నాడు. బయల్దేరేటప్పుడు హెల్మెట్ అందిస్తూ, నెలకోసారి తీస్కరా అన్నా, పాత బండి గద, చూస్కుంట ఉండాలె అని చెప్పాడు.

నెల దాటి పన్నెండు రోజులైంది. స్కూటర్ బాగానే నడుస్తోంది. నేను నల్లకుంట వైపు వెళ్లలేదు.